పెద్దల ఆమోదం, దాని మూల్యం: తెలుగు చలనచిత్ర ప్రేమకథలు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

కులం, హోదా, వైధవ్యం వంటి హద్దులను దాటిన ప్రేమను తెలుగు సినిమా తొలినాళ్ళ నుంచే కథావస్తువుగా స్వీకరించింది. అటువంటి కథల ముగింపులో సాధారణంగా ఒక పెద్దమనిషి మనసు మార్చుకొని ప్రేమికులను ఆమోదిస్తాడు. ఆ ఆమోదం ఎందువల్ల వచ్చింది? ఇచ్చినవారు దానికి ఏ మూల్యం చెల్లించారు? ఈ రెండు ప్రశ్నల ఆధారంగా ‘మాలపిల్ల’ (1938), ‘మల్లీశ్వరి’ (1951), ‘మూగమనసులు’ (1964), ‘సప్తపది’ (1981) చిత్రాలను పరిశీలించడం, ‘దాసి’ (1988) చిత్రాన్ని వాటి పక్కన నిలిపి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తెలుగు సినిమా, ప్రేమకథ, కులాంతర వివాహం, ఆమోదం, ఋణం, కరుణ, బాధ్యత, మల్లన్న.

1. ఉపోద్ఘాతం:

వరంగల్లు ప్రాంతంలోని వర్ధన్నపేటకు సమీపాన ఐనవోలు ఉంది. 2016లో మండలాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఈ గ్రామం వర్ధన్నపేట మండలంలోనే ఉండేది. ‘ఐలోని మల్లన్న’గా జనం కొలిచే మల్లికార్జునస్వామి ఇక్కడ గొల్ల కేతమ్మ, బలిజ మేడలమ్మ అనే ఇద్దరు దేవేరులతో కొలువై ఉన్నాడు. సంక్రాంతి నుంచి ఉగాది వరకు సాగే జాతరలో ఒగ్గు కళాకారులు మల్లన్న కథను గానం చేస్తారు, భక్తులు పట్నాలు వేస్తారు. దేవేరుల పేర్లకు ముందు వారి కులాల పేర్లు స్పష్టంగా ఉన్నాయి. కులభేదాన్ని దాచకుండానే ఆ దాంపత్యాన్ని జనం మొక్కుతున్నారు.

అయితే దేవుడి పెళ్ళిని అంగీకరించిన సమాజం మనుషుల పెళ్ళిని అంత తేలికగా అంగీకరించలేదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న ఒక దళిత యువకుడి హత్య ఇందుకు నిదర్శనం. పెద్దల ఆమోదం అనేది కథను ముగించే సాంకేతిక సౌకర్యం మాత్రమే కాదని, ప్రాణాలతో ముడిపడిన అంశమని ఆ ఘటన చెబుతోంది. కాబట్టి సంప్రదాయానికి భిన్నమైన ప్రేమకథలను అంచనా వేసేటప్పుడు ప్రేమికుల సాహసంతోపాటు, వారిని ఆమోదించిన పెద్దల స్వభావాన్ని కూడా పరిశీలించడం అవసరం.

2. మాలపిల్ల – ఋణం తీర్చిన ఆమోదం:

గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో సారథి ఫిలిమ్స్ నిర్మించిన ‘మాలపిల్ల’కు కథ చలం, సంభాషణలు తాపీ ధర్మారావు అందించారు. 1936లో తిరువాన్కూరు సంస్థానం ఆలయప్రవేశ ప్రకటన చేసింది. 1939లో మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశ చట్టం వచ్చింది. ఈ రెండింటి మధ్యకాలంలో విడుదలైన ఈ చిత్రం ఆనాటి సామాజిక చర్చలో నేరుగా పాల్గొన్నది. ఆలయ ధర్మకర్త అయిన సుందరరామశాస్త్రి కుమారుడు నాగరాజు, దళిత యువతి శంపాలత ప్రేమించుకొని ఊరు విడిచి కలకత్తా వెళతారు. శంపాలతగా కాంచనమాల, శాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావు నటించారు.

మంటల్లో చిక్కుకున్న శాస్త్రి భార్యను ఒక దళితుడు కాపాడడం కథకు మలుపు. ఆ తరువాతే శాస్త్రి మనసు మారుతుంది, గుడి తలుపులు తెరుచుకుంటాయి, ప్రేమికులకు ఆశీస్సులు దక్కుతాయి. ఇక్కడ ఆమోదానికి మూలం ఋణం. దళితుడు తన ప్రాణాన్ని పణంగా పెట్టి యోగ్యతను నిరూపించుకుంటే తప్ప అతని మానవత్వం శాస్త్రికి కనిపించలేదు. ఇది ఈ ఒక్క చిత్రానికే పరిమితమైన పద్ధతి కాదు. బిమల్ రాయ్ హిందీ చిత్రం ‘సుజాత’ (1959)లో కూడా దళిత యువతి ఇచ్చిన రక్తంతో ప్రాణం దక్కిన తరువాతే పెంపుడు తల్లి ఆమెను పూర్తిగా తన బిడ్డగా స్వీకరిస్తుంది. అగ్నికి బదులు రక్తం వచ్చింది గాని యోగ్యతా పరీక్ష మాత్రం మారలేదు.

అయినా ‘మాలపిల్ల’ సాధించినదాన్ని తక్కువగా అంచనా వేయకూడదు. దీనికి రెండేళ్ళ ముందు వచ్చిన బాంబే టాకీస్ చిత్రం ‘అఛూత్ కన్య’ ఇదేవిధమైన ప్రేమను కథానాయిక మరణంతో ముగించింది. ‘మాలపిల్ల’ తన జంటను బతికించింది. పైగా శాస్త్రి ఆమోదం కోసం ఆ జంట ఎదురుచూడలేదు, ముందుగానే తమ నిర్ణయం తాము తీసుకున్నారు. ఆయన ఇచ్చింది ప్రేమించడానికి అనుమతి కాదు, ఊరికి తిరిగి రావడానికి దారి మాత్రమే.

3. మల్లీశ్వరి – కరుణగా మారిన అధికారం:

బి.ఎన్.రెడ్డి దర్శకత్వంలో వాహినీ సంస్థ నిర్మించిన ‘మల్లీశ్వరి’లో నాగరాజు (ఎన్.టి.రామారావు), మల్లీశ్వరి (భానుమతి) బావామరదళ్ళు. సంప్రదాయం సమ్మతించిన వరుసే అది. కాబట్టి ఈ కథలోని విలక్షణత ప్రేమికుల ఎంపికలో లేదు, వారికి ఎదురైన అడ్డంకిలో ఉంది. వాన కురిసిన రాత్రి మండపంలో తలదాచుకున్నప్పుడు, మారువేషంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయలతో నాగరాజు పరిహాసంగా ఒక మాట అంటాడు. మల్లి కోసం రాజుగారి పల్లకీ పంపించమని కోరతాడు. ఆ పల్లకీ నిజంగానే వస్తుంది. రాణివాసం పేరుతో మల్లి బందీ అవుతుంది.

ఈ కథలో దుష్టపాత్ర లేదు. రాజు దయామయుడే. ఆయన ఔదార్యమే ప్రేమికులకు శాపమైంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలు, పాటలు, సాలూరి రాజేశ్వరరావు సంగీతం ఆ బందిఖానాకు కూడా ఒక మార్దవాన్ని కల్పించాయి. చివరకు మరణశిక్షకు లోనుకావలసిన ప్రేమికులను రాయలు క్షమించి విడిచిపెడతాడు. విమర్శకులు ఇక్కడ నిలిచి ఆలోచించవలసి ఉంది. వారిని విడదీసినది ఆయన పంపిన పల్లకీయే. శిక్ష విధించే శాసనం ఆయన కొలువుదే. తన చర్య వల్ల కలిగిన దుఃఖాన్ని తానే తొలగించి రాజు కరుణామూర్తి అనిపించుకుంటాడు. క్షమించవలసిన స్థానంలో నిజానికి ఉన్నవారు ప్రేమికులు. ఆ క్షమాపణకు రాయలు చెల్లించిన మూల్యం ఏమీ లేదు.

తెలంగాణ సాయుధపోరాటం విరమణ జరిగింది కూడా 1951లోనే. గడీల జ్ఞాపకం పచ్చిగా ఉన్న ప్రాంతంలో రాణివాసపు పల్లకీకి మరొక అర్థం స్ఫురిస్తుంది. ఆ అర్థాన్ని తెరపైకి తెచ్చిన చిత్రం బి.నర్సింగరావు ‘దాసి’. దొరసానితోపాటు అత్తవారింటికి అరణంగా పంపే ఆడబాప జీవితాన్ని ఇది చిత్రించింది. కమలాక్షి పాత్రకు అర్చన జాతీయ ఉత్తమనటి పురస్కారం అందుకున్నది. ఆ గడీలో దొర కోరికే శాసనం. కమలాక్షి గర్భవతి అయినప్పుడు బిడ్డను కనాలా వద్దా అన్నది కూడా ఆమె చేతిలో లేదు. ‘మల్లీశ్వరి’లో గానంగా మారిన నిర్బంధం ‘దాసి’లో నిశ్శబ్దంగా మిగిలిపోయింది. ఒకటి కల్పించిన దయాళువైన ప్రభువును మరొకటి నిరాకరించింది. ప్రేమ అంకురించడానికి ముందు తన దేహం తనదన్న స్వాతంత్ర్యం ఉండాలని ‘దాసి’ గుర్తుచేస్తుంది.

4. మూగమనసులు – ఆమోదం దొరకని ప్రేమ:

ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘మూగమనసులు’లో జమీందారు బిడ్డ రాధ (సావిత్రి), ఆమెను రోజూ గోదావరి దాటించే పడవవాడు గోపి (అక్కినేని నాగేశ్వరరావు). చదువుకున్న రాధకు చదువురాని గోపి పాట నేర్పుతాడు. ఆమె ‘చిలక’ అని పలికితే అతడు ‘సిలక’ అని సరిదిద్దుతాడు. శిష్టోచ్చారణను జానపదోచ్చారణ దిద్దుతున్న ఈ సన్నివేశం చిన్నదే అయినా అర్థవంతమైనది. జమీందారీ హోదా, చదువు కల్పించిన ఆధిక్యం ఆ ఒక్క అక్షరం దగ్గర తారుమారైంది. ప్రేమను ప్రకటించే మాట ఒక్కటీ లేకుండానే ప్రేమకు కావలసిన సమానత్వం అక్కడ ఏర్పడింది.

భర్త మరణించి రాధ పుట్టింటికి తిరిగి వచ్చిన తరువాత ఊరు వారిద్దరిపై అపవాదులు మోపుతుంది. చివరికి గోదావరి సుడిగుండం వారిని కలుపుతుంది. హిందూ వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది 1856లో. దానికి శతాబ్దం గడిచిన తరువాత కూడా వితంతువుకు, పడవవాడికి ఈ జన్మలో పెళ్ళి జరిపించడానికి చిత్రం సాహసించలేదు. పునర్జన్మ కల్పన ద్వారా వారిని మరుజన్మలో కులం, వైధవ్యం అడ్డురాని దంపతులుగా చూపింది. పునర్జన్మను ప్రేమ శాశ్వతత్వానికి ప్రతీకగా భావించడం సహజమే. కాని అదే కల్పనను అభియోగంగానూ చదవవచ్చు. ఈ ఊళ్ళో, ఈ కాలంలో వారిని ఆమోదించగల పెద్దమనిషి ఒక్కడూ లేడని కథ ఒప్పుకుంటున్నది. శాస్త్రి వంటి, రాయల వంటి పాత్రను సృష్టించి బలవంతపు సుఖాంతం కల్పించకపోవడం ఈ చిత్రం నిజాయితీ.

గౌరి (జమున) పాత్రను కూడా ఈ కోణంలో గమనించాలి. తన ప్రేమను దాచుకోకుండా చెప్పుకున్నది ఆమె ఒక్కతే. ఆమె నోట వినిపించే గోదారి గట్టు పాటను వరంగల్లు గడ్డమీద పుట్టిన దాశరథి కృష్ణమాచార్య రచించారు. తనకు దక్కని ప్రేమకథను వృద్ధాప్యంలో మరుజన్మ దంపతులకు వినిపించేదీ గౌరియే. మూగమనసుల కథకు నోరు ఆమెదే.

5. సప్తపది – బాధ్యతగా మారిన ఆమోదం:

కె.విశ్వనాథ్ ‘సప్తపది’ జాతీయ సమైక్యతను ప్రతిపాదించిన ఉత్తమ చిత్రంగా నర్గీస్ దత్ పురస్కారం పొందింది. ఆచారనిష్ఠాపరుడైన యాజులు (జె.వి.సోమయాజులు) తన మనవరాలు హేమను మనవడు గౌరీనాథుడికిచ్చి వివాహం చేస్తాడు. అప్పటికే ఆమె మనసు వేణుగాన విద్వాంసుడైన దళిత యువకుడు హరిబాబుపై ఉంది. గౌరీనాథుడికి భార్యలో అమ్మవారు కనిపిస్తుంది. దాంపత్యం సాగదు. భర్త క్రూరత్వమో అనుమానమో ఇక్కడ అడ్డంకి కాదు. అతని భక్తే అడ్డంకి. స్త్రీని దేవతగా పూజించడం వేరు, మనిషిగా ప్రేమించడం వేరు అన్న భేదాన్ని ఇంత సౌమ్యంగా, ఇంత పదునుగా చెప్పిన కథలు అరుదు.

విషయం గ్రహించిన యాజులు హేమను హరిబాబుకు అప్పగించడానికి నిశ్చయిస్తాడు. శాస్త్రి మనసు మారడానికి అగ్నిప్రమాదం అవసరమైంది. హరిబాబు యాజులు కుటుంబంలో ఎవరి ప్రాణమూ కాపాడలేదు, ఏ పరీక్షలోనూ నెగ్గలేదు. రాయలు తన తప్పును గుర్తించకుండానే క్షమించాడు. యాజులు మాత్రం ఈ పెళ్ళి జరిపించినది తానేనన్న ఎరుకతో తన నిర్ణయాన్ని తానే సరిదిద్దుకుంటాడు. ఊరిలో తన పరువును, తాను నమ్మిన ఆచారాన్ని, ఇంటి పెద్దగా తన మాటకున్న తిరుగులేనితనాన్ని పణంగా పెడతాడు. ఇక్కడ ఆమోదం ఋణం తీర్చుకోవడమూ కాదు, కరుణ చూపడమూ కాదు. అది బాధ్యత వహించడం.

దీనిపై ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. కులనిర్మూలన కథలో కూడా కేంద్రస్థానం అగ్రవర్ణ వృద్ధుడికే దక్కిందని, హరిబాబు వేణువుకున్న స్వరం అతని మాటకు లేదని అనవచ్చు. ఆ ఆక్షేపణ సమంజసమైనదే. హేమ కోరిక సైతం ఆమె మాటలో కంటే నృత్యంలోనూ మౌనంలోనూ ఎక్కువగా వ్యక్తమవుతుంది. ఆమెను ముందే అడిగి ఉంటే సరిదిద్దుకోవలసిన తప్పే జరిగేది కాదు. అయితే కథలోని పెద్ద తన అధికారం వల్ల జరిగిన హానిని గుర్తించి, దాని భారాన్ని తానే మోయడం మునుపటి చిత్రాల్లో లేని ముందడుగు.

6. ముగింపు:

పైన పరిశీలించిన చిత్రాలను కాలక్రమంలో ఉంచితే పెద్దల ఆమోదం ఋణం నుంచి కరుణకు, కరుణ నుంచి బాధ్యతకు మారిన తీరు కనిపిస్తుంది. ‘మూగమనసులు’ ఆమోదం లేని లోకాన్ని చూపింది. ‘దాసి’ ఆమోదమన్న మాటకే తావులేని గడీని చూపింది. ఈ రెండు చిత్రాలనూ విడిచి మిగిలిన మూడింటినే లెక్కలోకి తీసుకుంటే తెలుగు సినిమా నిరంతర పురోగతి సాధించిందన్న భ్రమ కలుగుతుంది. పెద్దలు మారిన కథలతోపాటు, పెద్దలు మారని కథలనూ కలిపి చదివినప్పుడే చరిత్ర సమగ్రమవుతుంది.

తరగతి గదిలో ఈ చిత్రాలను బోధించేటప్పుడు ‘వీరి ప్రేమ గొప్పదా?’ అన్న ప్రశ్న కంటే ‘దీన్ని అంగీకరించినవారు ఏమి వదులుకున్నారు?’ అన్న ప్రశ్న ఎక్కువ ఫలితాన్నిస్తుంది. ఏమీ వదులుకోకుండా ఇచ్చిన ఆమోదం అధికారానికి మరొక అలంకారం మాత్రమే. ఐనవోలు గుడిలో కేతమ్మకు మొక్కిన చేతులు, ఇంటికి వచ్చిన పరకులపు కోడలికి పీట వేయడానికి ఎందుకు వెనుకాడుతున్నాయన్న ప్రశ్నకు సినిమా ఒక్కటే సమాధానం చెప్పలేదు. మొక్కడానికి ఏమీ వదులుకోనక్కరలేదు, పీట వేయడానికి మాత్రం వదులుకోవలసినవి కొన్ని ఉన్నాయని యాజులు పాత్ర స్పష్టం చేసింది. సప్తపది ప్రాసంగికత అక్కడే ఉంది.