వెలుగు, తెలివి: పాలమూరు వాడుక ఆధారంగా ఒక అర్థ పరిశీలన

1. ప్రవేశిక

నిఘంటువుల్లో 'వెలుగు'కు కాంతి, ప్రకాశం, తేజస్సు, దీప్తి అని పర్యాయపదాలు వరుసగా కనిపిస్తాయి. 'కాంతి' కోసం వెదికితే తిరిగి 'వెలుగు' దగ్గరికే వస్తాం. ఈ పద్ధతి ఒక మాటకు బదులు మరొక మాటను చూపుతుంది గాని అర్థాన్ని నిర్ణయించదు. పాలమూరు ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో, నిఘంటుకారులు పాత మాటలకు 'క్రీడావిశేషము' వంటి అర్థాలిచ్చి ఊరుకోవడాన్ని ఆక్షేపించారు. వాడుకను చూడక అర్థం చెప్పరాదన్న ఆ విమర్శ వెలుగును తెలిపే మాటలకూ వర్తిస్తుంది. జడ్చర్ల పరిసరాల వాడుకను దృష్టిలో ఉంచుకొని వాటిని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. పర్యాయాల మధ్య భేదం

'తేజస్సు' పదును పెట్టడాన్ని తెలిపే 'తిజ్' ధాతువు నుండి వచ్చింది. అందుకే అది మనిషి ముఖానికి, సూర్యునికి చెల్లుతుంది. 'బల్బు తేజస్సు' అనం. 'కాంతి'కి మూలం కోరికను తెలిపే 'కమ్' ధాతువు. దండి చెప్పిన పది కావ్యగుణాల్లో 'కాంతి' ఒకటి. మనసుకు నచ్చే అందాన్ని చెప్పిన ఈ మాట నేడు భౌతికశాస్త్ర పాఠంలో పరిభాషగా స్థిరపడింది. అచ్చ తెలుగులోనూ ఇటువంటి భేదం ఉంది. గదిలో చాలనిది 'వెలుతురు'. దాచిన నిజం వచ్చేది 'వెలుగు'లోకి. ఈ రెండు చోట్లా మాటలు తారుమారు చేస్తే వాక్యం కుదరదు.

3. 'వెల్', 'తెలి'

వెలుగు, వెన్నెల, వెండి, వెల్ల అనే మాటలు తెలుపును, మెరుపును చెప్పే 'వెల్' మూలానికి చెందినవి. తెలుపు, తెల్లవారు, తెలియు, తెలివి అనేవి 'తెలి' మూలానికి చెందినవి. మొదటిది కంటికి కనబడే వెలుగు. రెండవది కనబడటంతో ఆగక తెలియడం దాకా సాగే వెలుగు. 'తెలుపు' ఒక రంగూ అవుతుంది, 'ఎరిగించు' అనే క్రియా అవుతుంది. చురుకైన విద్యార్థిని ఇంగ్లీషులో 'బ్రైట్' అంటారు. ఆ భావానికి తెలుగు 'వెలుగు'ను కాక 'తెలివి'ని ఎంచుకుంది. జడ్చర్ల సంతలో వినబడే 'తెల్వదు', 'తెల్లారింది' అనే మాటలు రెండూ ఈ మూలానివే.

అయితే ఈ మూలాలు ఎప్పుడూ శుభాన్నే చెప్పవు. ముఖం 'వెలిగింది' అంటే సంతోషం. 'వెలవెలబోయింది', 'తెల్లబోయింది' అంటే కళ తప్పడం. కాబట్టి తెలుపు, వెలుగు, కళ ఒకటి కావు. అర్థాన్ని మూలం ఒక్కటే నిర్ణయించదు. దానితో చేరిన క్రియ కూడా నిర్ణయిస్తుంది.

4. 'ఎలుగు' తప్పా?

పాలమూరు పలుకుబడిలో వెలుగు 'ఎలుగు', వెన్నెల 'ఎన్నెల', వెలుతురు 'ఎల్తురు' అవుతాయి. పదాది వకారం 'ఎ' ముందు లోపించడం ఇక్కడ క్రమబద్ధమైన మార్పు. 'ఎలుగు'కు కంఠస్వరం, భల్లూకం అనే అర్థాలు కూడా ఉన్నందున అది అయోమయానికి దారి తీస్తుందని ఒక ఆక్షేపణ. దీనికి సమాధానం శిష్ట భాషలోనే ఉంది. పూర్వం అరసున్నతో రాసిన 'వెలుఁగు' కాంతి. అరసున్న లేని 'వెలుగు' కంచె. ఆధునిక రచన అరసున్నను వదిలి ఈ రెంటినీ ఒకటి చేసింది. దాన్ని నేడు తప్పుగా ఎంచరు. సందర్భం అర్థాన్ని విడదీస్తుందని ఒప్పుకున్నారు. అదే సూత్రం 'ఎలుగు'కు వర్తింపజేయక, విద్యార్థి రాతలో దాన్ని ఎర్రసిరాతో కొట్టివేయడం శాస్త్రం కాదు, పక్షపాతం.

5. ముగింపు

పర్యాయాల పట్టిక వెలుగును చూపలేదు. ఏ మాట ఏ కర్తతో, ఏ క్రియతో, ఏ ఊరి నోట పలుకుతుందో నమోదు చేసినప్పుడే అర్థం తేటపడుతుంది. శిష్ట రూపం నేర్పవలసిందే. అయితే దానితోపాటు 'ఎలుగు'ను మాండలిక రూపంగా గుర్తించి, ఉదాహరణ వాక్యాలతో నిఘంటువుకెక్కించాలి. సురవరం కోరిన నిఘంటు నిర్మాణానికి అది ఆయన ప్రాంతం నుండే వేయదగిన ఒక అడుగు.