విమానము దిగునప్పుడు తప్పెవరిది?

విమానము కూలిన మరునాడే “తప్పు పైలటుదే” అని తేల్చివేయుట మనకు పరిపాటి. ఇది తొందరపాటు.

1993 నవంబరు 15న మద్రాసు నుండి హైదరాబాదు వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్, నేల సరిగా కానరానందున దిగక మరల పైకి లేచినది. అప్పుడు రెక్కల వెనుక అంచుననుండు ఫ్లాపులు లోపలికి పోలేదు. తక్కువ వేగములో విమానమును గాలిలో నిలుపునవి ఇవే. కాని చాచియున్నంతసేపు గాలి నిరోధమును పెంచును. దూరము తరగదు, ఇంధనము తరుగును. మద్రాసుకు తిరిగిపోవుచు, ఇంధనమైపోయి, తిరుపతి దగ్గర వరిపొలములో దిగవలసివచ్చినది. మన మిర్యాలగూడ మడులవంటి పొలమే! ఉన్న 262 మందిలో ఒక్కరును చనిపోలేదు.

తప్పు వాతావరణముదా, ఫ్లాపులదా, ఇంధనపు లెక్కదా? లెక్క చూడవలసినది పైలటే గదా అనవచ్చును. నిజమే, కాని ఆ లెక్కను తారుమారు చేసినది ఫ్లాపులు.

2010 మే 22న మంగుళూరులో 158 మంది మరణించిరి. కుదురుగా దిగని విమానమును కెప్టెను మరల పైకి లేపకపోవుటయే కారణమని దర్యాప్తు తేల్చినది. ఇక్కడ పైలటు తప్పు స్పష్టమే. అయినను రన్‌వే దాటిన విమానము పడినది లోయలో. ఆ లోయను అక్కడ ఉంచినది పైలటు కాదు.