గేరు ఒకటి, నేత ఒకటి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి శంషాబాద్ చేరి, అక్కడ దుబాయికో దోహాకో విమానమెక్కేవాళ్లు టికెట్ ధర చూస్తారు, ఎన్ని కిలోల సామాను తీసుకుపోవచ్చో చూస్తారు. రెక్క కింద ఏ ఇంజన్ ఉందో అడిగేవారు అరుదు. అడగదగ్గ సంగతే అది. ఇండిగో ఎ320 నియోల్లో కొన్నింటికి ప్రాట్ అండ్ విట్నీ వారి జీటీఎఫ్, కొన్నింటికి సీఎఫ్‌ఎం వారి లీప్ బిగించి ఉంటాయి. బలంలో పెద్ద తేడా లేదు. రెండింటి తోపు (థ్రస్ట్) గరిష్ఠంగా 32, 33 వేల పౌండ్లు. పాత ఇంజన్ల కన్నా సుమారు 15 శాతం ఇంధనం ఆదా అన్నది ఇద్దరి హామీ.

కొద్ది గాలిని మహావేగంగా నెట్టడం కన్నా ఎక్కువ గాలిని నిదానంగా నెట్టడం చవక. వేగం రెట్టింపయితే తోపు రెట్టింపే అవుతుంది, ఖర్చయ్యే శక్తి మాత్రం నాలుగింతలు. అందుకే ముందుండే ఫ్యాన్ పెరుగుతూ వచ్చింది: పాత సీఎఫ్‌ఎం56కు 68 అంగుళాలు, లీప్‌కు 78, జీటీఎఫ్‌కు 81.

పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరగాలి, దాన్ని తిప్పే టర్బైన్ వేగంగా తిరగాలి. చిక్కంతా ఇక్కడే. ప్రాట్ ఇంజనీర్లు ఆ రెంటి మధ్య గేర్లు పెట్టారు. సిరిసిల్ల సాంచెలో (మరమగ్గంలో) మోటారు వేగాన్ని తగ్గించి మగ్గానికి అందించినట్టే, జీటీఎఫ్ ఫ్యాన్ టర్బైన్ వేగంలో మూడో వంతుతో తిరుగుతుంది. దాంతో వెనక టర్బైన్‌కు మూడు అంచెలే సరిపోయాయి. లీప్‌కు ఏడు కావాలి. ఆలోచనగా జీటీఎఫే గొప్పది.

లీప్ గేర్ల జోలికి పోలేదు, బరువు మీద పడింది. దాని ఫ్యాన్ బ్లేడ్లు కార్బన్ పోగులను మగ్గం మీద మూడు దిశల్లో నేసి, రెజిన్ పట్టించి చేసినవి. పాత సీఎఫ్‌ఎం56కు 36 బ్లేడ్లుంటే దీనికి 18 చాలు. నేత ఇంత దూరం వచ్చిందని సిరిసిల్ల తెలుసుకోవాలి.

జీటీఎఫ్‌ను ముంచింది గేర్లు కావు. టర్బైన్ డిస్కులకు వాడిన లోహపు పొడిలో మలినాలున్నట్టు 2023 జూలైలో కంపెనీయే ప్రకటించింది. ఒక్కో ఇంజన్ విప్పి, పరీక్షించి తిరిగి బిగించడానికి 300 రోజుల దాకా పడుతుందన్నది. అంతకుముందే, ఆ ఏడాది మే 2న, తన విమానాల్లో దాదాపు సగం ఈ ఇంజన్ల వల్లే ఆగిపోయాయంటూ గో ఫస్ట్ విమాన సంస్థ దివాలాకు దరఖాస్తు చేసింది. ఇండిగో 2019లోనే 280 కొత్త విమానాలకు లీప్‌ను ఎంచుకున్నా, 2024లో ఆ సంస్థ జీటీఎఫ్ విమానాలు కూడా 70కి పైగా నేల మీదే ఉన్నాయి.

లీప్ కూడా మచ్చలేనిది కాదు. వేడి, దుమ్ము ఉన్నచోట, అంటే సరిగ్గా గల్ఫ్ లాంటి చోట, దాని టర్బైన్ బ్లేడ్లు త్వరగా దెబ్బతిన్నాయి. గట్టిపరచిన బ్లేడ్లకు 2024 డిసెంబరులో గానీ అనుమతి రాలేదు. అయినా దాని లోపాలు విమానాలను ఆ స్థాయిలో నేలకు దించలేదు. ఆదా లెక్కలో ఎగిరిన గంటలతో పాటు ఆగిన నెలలూ కలపాలి. విమానాలు తగ్గితే సీట్లు తగ్గుతాయి, ధర పెరుగుతుంది. ఆ భారం ముందుగా పడేది కొద్ది రోజుల సెలవు మీద ఇంటికొచ్చే వలస కూలీ మీదే. అందుకే నా ఓటు లీప్‌కు.

శంషాబాద్‌లో సఫ్రాన్ సంస్థ లీప్ మరమ్మతు కేంద్రం 2025 నవంబరు 26న ప్రారంభమైంది. పూర్తిస్థాయిలో నడిస్తే ఏటా 300 ఇంజన్లు అక్కడ బాగవుతాయి. గల్ఫ్‌కు పోవడమే దారనుకునే మన జిల్లాల ఐటీఐ పిల్లలకు ఆ పనిలో శిక్షణ ఇప్పించమని ప్రభుత్వాన్ని అడుగుదాం.