తెల్లమచ్చలకు తొందరపాటు వైద్యం

రెండేళ్లపాటు పళ్లకు క్లిప్పులు పెట్టుకుని, అవి తీయించుకున్న రోజున అద్దం ముందు నిలబడ్డారనుకోండి. పళ్లు వరుసలోకి వచ్చాయి. కాని క్లిప్పు అతికించిన చోటు చుట్టూ సున్నం పూసినట్టు తెల్లని చారలు! ఇది అరుదైన సంగతి కాదు. గోరెలిక్, ఆయన సహచరులు 1982లో ప్రచురించిన పరిశీలనలో, క్లిప్పులు వేయించుకున్నవారిలో దాదాపు సగం మందికి ఇటువంటి మచ్చ కనీసం ఒకటి ఉంది. వేయించుకోనివారిలో అది పావువంతు మందికే కనిపించింది.

మచ్చ చూడగానే "పన్ను పాడైపోయింది, వెంటనే ఏదో ఒకటి చేయించాలి" అంటారు. ఈ తొందర ఎంతవరకు సబబు?

మీరు భిలాయిలో పెరిగినవారైతే ఇనుముతో పోల్చి చూడండి. దల్లీ రాజహరా గనుల నుంచి వచ్చే ముడిఖనిజం ఐరన్ ఆక్సైడు. బ్లాస్ట్ ఫర్నేసులో అందులోని ఆక్సిజన్‌ను తొలగిస్తేనే ఇనుము వస్తుంది. పట్టా తుప్పు పడితే ఆ ఇనుము మళ్లీ ఆక్సైడుగా మారినట్టే. ఆ తుప్పు తిరిగి ఇనుము కావాలంటే మళ్లీ కొలిమిలోకి పోవలసిందే. పన్ను కూడా అంతేనని చాలామంది నమ్ముతారు. ఇక్కడే పోలిక చెడుతుంది.

పంటిపై ఉండే పింగాణి పొర బరువులో 96 శాతం దాకా ఖనిజమే. క్లిప్పుల చుట్టూ పేరుకున్న పాచిలోని బాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. పి.హెచ్. సుమారు 5.5 కంటె తగ్గితే కాల్షియం, ఫాస్ఫేటు కరిగి బయటికి పోతాయి. విచిత్రమేమంటే పైపొర చాలావరకు నిలిచి ఉంటుంది, దాని అడుగున సన్నని రంధ్రాలు ఏర్పడతాయి. పింగాణి వక్రీభవన గుణకం 1.62, నీటిది 1.33, గాలిది 1. రంధ్రాలలో నీరో గాలో చేరితే కాంతి చెదిరి మచ్చ తెల్లగా కనిపిస్తుంది. గాలి ఊది పన్ను ఆరబెడితే మచ్చ ఇంకా తెల్లబడడానికి కారణం ఇదే. పైపొర విరగనంతవరకు లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు తిరిగి లోపలికి చేరగలవు. కొలిమి అక్కరలేదు, నోటి వేడి చాలు! అందుకే మచ్చను మొనదేలిన పరికరంతో గుచ్చి పరీక్షించడం మంచిది కాదు.

ఫ్లోరైడు ఈ మరమ్మతుకు తోడ్పడుతుంది. మరి ఎక్కువ వాడితే ఎక్కువ మేలా? ముందు పళ్లపై క్లిప్పులు తీసిన వెంటనే గాఢమైన ఫ్లోరైడు పూస్తే పైరంధ్రాలు త్వరగా మూసుకుపోయి, లోపలి డొల్లతనం, తెలుపు అలాగే మిగిలిపోవచ్చునని చాలామంది నిపుణుల అభిప్రాయం. మామూలు ఫ్లోరైడు పేస్టుతో కొన్ని నెలలు ఆగి చూడమంటారు. వాదన సమంజసమే. అయితే దీని బలం ప్రయోగశాలలోనిది, పెద్ద ఎత్తున రోగులపై జరిపిన ప్రయోగాలది కాదు.

రోగులపై ప్రయోగాలు జరిగినా, ఎన్ని జరిగాయన్నది చూడాలి. క్లిప్పులు ఉన్న కాలంలో ఆరు వారాలకొకసారి ఫ్లోరైడు వార్నిష్ పూస్తే మచ్చలు దాదాపు 70 శాతం తగ్గుతాయని 2013 నాటి కాక్రేన్ సమీక్ష చెప్పింది. దానికి ఆధారం ఒక్క ప్రయోగం. 2019 సమీక్షలో మరో ప్రయోగాన్ని కలిపి లెక్కిస్తే ఆ ధీమా నిలవలేదు. వార్నిష్ పనికిరాదని దీని అర్థం కాదు, రుజువు చాలలేదని అర్థం. పాల ప్రోటీను కలిపిన క్రీముల సంగతీ ఇంతే. మామూలు పేస్టు కంటె అవి మెరుగని నిలకడగా తేలలేదు.

ఇక 2009 నుంచి మార్కెట్లో ఉన్న రెజిన్ పద్ధతి. 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పైపొరను రెండు నిమిషాలు కరిగించి, పన్ను బాగా ఆరబెట్టి, పల్చని రెజిన్‌ను రంధ్రాలలోకి పీల్చుకోనిస్తారు. దాని వక్రీభవన గుణకం సుమారు 1.52. అంటే పింగాణికి దగ్గర, కనుక మచ్చ కంటికి ఆనదు. డ్రిల్లు లేదు, మచ్చ ముదరడమూ ఆగుతుంది. తెలివైన భౌతికశాస్త్రమే! కాని పోయిన ఖనిజం తిరిగి రాలేదు, కరిగిన పైపొర కూడా రాదు. నెలలు గడిచినా తగ్గని మచ్చకు ఇది మంచి మార్గమే. క్లిప్పులు తీసిన వారానికే దీన్ని అమ్మజూపడం మాత్రం లాలాజలానికి అవకాశం ఇవ్వకపోవడమే.

అసలు అది ఏ మచ్చో ముందు తేల్చుకోవాలి. నల్గొండ వంటి ప్రాంతాలలో నీటిలోని ఫ్లోరైడు వల్ల వచ్చే తెలుపు, పన్ను తయారవుతున్నప్పుడే ఏర్పడుతుంది. కుడి ఎడమల జంట పళ్లపై ఒకేలా, అంచులు తేలకుండా ఉంటుంది. క్లిప్పుల మచ్చ క్లిప్పు అంచును అనుసరిస్తుంది.

క్లిప్పులు ఇంకా ఉన్నవారికి ఒక మాట. ఓగార్డ్, ఆయన సహచరులు తీసివేయబోయే పళ్లకు పాచి పట్టేలా బిగించిన పట్టీలతో జరిపిన పరిశీలన 1988లో వెలువడింది. కంటికి కనిపించే మచ్చకు నాలుగు వారాలే పట్టింది. తీగ బిగించడానికి డాక్టరు మిమ్మల్ని మళ్లీ రమ్మనే గడువు కూడా దాదాపు అంతే.