పక్కపక్కన కూర్చుని చూసే దారి

మన ఆలంకారికులు శృంగారాన్ని రెండు పాళ్లు చేశారు. కలిసి ఉంటే సంభోగం, ఎడబాటైతే విప్రలంభం. మరి ఉద్యోగం దిగిపోయి, పిల్లల్ని వాళ్ల వాళ్ల ఊళ్లకు పంపించి, ఒకే బండిలో పక్కపక్కన కూర్చుని పోయే ముసలి దంపతులది ఏ పాలు? వాళ్లు ఒకరినొకరు చూసుకోరు. ఇద్దరి చూపూ ఎదుటి దారి మీదే. గంటకో మాట, అదీ సగమే. మిగతా సగం రెండో వాళ్లకు ముందే తెలుసు. భవభూతి ఉత్తరరామచరితంలో, కాలం గడిచేకొద్దీ తెరలు తొలగి చిక్కబడే స్నేహం గురించి చెప్పినప్పుడు దీని అంచు తాకాడు. నన్నడిగితే ఇది శాంతంలో కలిసిపోయిన శృంగారం. ఆలంబనం ఆ ఇద్దరూ, ఉద్దీపనం దారి. ఆ రసానికి సరితూగే దారి మన దగ్గరే ఉంది. కరీంనగర్‌లో బయల్దేరి జగిత్యాల, ధర్మపురి, లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు, ఇంద్రవెల్లి మీదుగా కేస్లాపూర్ చేరే దారి.

మా వైపు పింఛనుదారుల్లో పిల్లల దగ్గరికి అమెరికా పోయొచ్చిన వాళ్లు తక్కువేం కాదు. అక్కడ నెబ్రాస్కా, సౌత్ డకోటా గడ్డి మైదానాల మీదుగా తెల్లజుట్టు జంటలు మోటార్‌హోమ్‌లో పోతుంటారు. వంటిల్లూ పడకా చక్రాల మీదే. ఆ మైదానం రుచి దాని ఎడతెగనితనంలో ఉంది. గంటలకొద్దీ పోయినా అదే గడ్డి, అదే ఆకాశం. చూపు ఆనడానికి చెట్టు కూడా దొరకదు. మన దారి రుచి వేరు. ఇక్కడ ఒక్క పూటలోనే నేల మూడుసార్లు స్వరం మారుస్తుంది.

మొదటిది గ్రానైట్. కరీంనగర్ దాటగానే గుండ్రటి బండగుట్టలు రెండు పక్కలా లేస్తాయి. కొన్ని చెక్కుచెదరలేదు. కొన్ని క్వారీ రంపానికి సగానికి తెగి, లోపలి గోధుమ ఎరుపును ఎండకు చూపిస్తున్నాయి. ఎదురొచ్చే లారీ మీద ఒకే ఒక బండ, దాని మీద రంగుతో రాసిన నంబరు. అందమూ గాయమూ ఒకేచోట కనిపించే ఘట్టం ఇది. కరుణ లేకుండా శాంతం రాదని దారి మొదట్లోనే చెబుతుంది. రెండోది గోదావరి. ధర్మపురి దగ్గర నది దక్షిణానికి తిరిగి ప్రవహిస్తుంది. రాయపట్నం వంతెన ఎక్కితే అప్పటిదాకా గుట్టలకు తగులుకుంటూ వచ్చిన చూపు ఒక్కసారిగా బారలు చాస్తుంది. ఇసుక, నీళ్లు, మళ్లీ ఇసుక. మూడోది జన్నారం తర్వాత మొదలవుతుంది. కవ్వాల పులుల అభయారణ్యపు టేకు చెట్ల మధ్య మెల్లగా ఎక్కుతూ పోతే ఉట్నూరు పీఠభూమి. దక్కన్ లావా చల్లారి పరుచుకున్న నేల అది. దాని మీద నల్లరేగడి. అడవి తెగిన చోటల్లా పత్తి, కంది, జొన్న, అలలు అలలుగా దిగంతం దాకా. మనకున్న ప్రెయిరీ ఇదే. కాకపోతే ఇది మనుషులు దున్నుకున్న ప్రెయిరీ.

మేమిద్దరం ఆ దారిన పోతుంటే అక్కడ మా ఆవిడ అంది: ‘‘ఇగో, బండి జెర పక్కకు ఆపుండ్రి. గింత బిరాన పోయి ఏం జేస్తం?’’

ఆపాను. రోడ్డు పక్కన చేనులో ఆఖరి విడత పత్తి ఏరుతున్నారు. ఒకామె చేతుల మీదే మా ఇద్దరి కళ్లూ నిలిచాయి. పగిలిన కాయలోంచి పాయలన్నీ ఒక్క లాగుతో వస్తున్నాయి. ఎండిన ఆకు ముక్క ఒక్కటీ అంటుకోవడం లేదు. ఖాళీ అయిన కాయ చెట్టునే ఉండిపోతోంది, ముళ్లు తేలి. కుడిచేయి ఏరుతుండగా ఎడమచేయి నడుముకు కట్టుకున్న ఒడిలోకి నెడుతోంది. ఆ రెండు చేతుల మధ్య తాళం తప్పడం లేదు. అయితే కిలోల లెక్కన కూలి పడే పని అది, వేళ్లు చీరుకునే పని. దాన్ని కేవలం అందంగా చూసి వెళ్లిపోతే రసికత అనిపించుకోదు. అందం, కష్టం రెండూ ఒకే చేతిలో ఉన్నాయని చూసినప్పుడే చూపు పూర్తవుతుంది. వేగంగా పోయే కారుకు ఇందులో ఒక్కటీ చిక్కదు.

ఈ దారిని నెమ్మదిగా చదివిన జంట మనకంటే ముందే ఒకటుంది. 1940లో జోడేఘాట్‌లో గోండు పోరాట నాయకుడు కుమ్రం భీము నేలకొరిగాక, గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టి ఎలిజబెత్. జైనూరు దగ్గరి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. ఆయన గోండి నేర్చుకున్నాడు. 1943లో ఆ ఊళ్లోనే గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. అది వాళ్ల యవ్వనం. నాకు ఎక్కువ రుచించేది దాని తర్వాతి అంకం. 1976లో లండన్‌లో ఆచార్య పదవి నుంచి రిటైరయ్యాక ఆయన ఇంట్లో కూర్చోలేదు. ఇద్దరూ మళ్లీ ఈ పల్లెల వైపే వచ్చారు. ఎవరి భూమి నిలిచింది, ఎవరిది పోయింది అని వెతికారు. మొదటి రాకలో ఉన్నది కుతూహలం, రెండో రాకలో ఉన్నది మమకారం. మంచి కావ్యం రెండోసారి చదివినప్పుడే లోతు చూపిస్తుందంటారు. నేల కూడా అంతే.

1987లో హైదరాబాద్‌లో కన్నుమూసిన బెట్టిని మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు. ఆయన చితాభస్మం 2012లో సముద్రం దాటి వచ్చి ఆమె పక్కన చేరింది. పాతికేళ్ల విప్రలంభం మార్లవాయి మట్టిలో ముగిసింది. 

దారి చివర కేస్లాపూర్. గోండుల నాగదేవత నాగోబా గుడి ఉన్న ఊరు. పుష్యమాసంలో జాతరప్పుడు చూడాలి. గోండుల్లో మెస్రం వంశస్థులు తెల్లని పంచెలు, తలపాగాలతో కాలినడకన జన్నారం వైపు కలమడుగు దాకా పోయి, హస్తినమడుగులో గోదావరి జలం ఝరి అనే పాత్రలో నింపుకుని తిరిగొస్తారు. మనం కారులో దాటిన దిక్కునే వాళ్లు అడుగులతో కొలుస్తారు. ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి మొక్కి, కేస్లాపూర్ మర్రిచెట్టు కింద విడిది చేస్తారు. అటు ఊళ్ల నుంచి కుటుంబాలు ఎడ్లబండ్లు కట్టుకుని దిగుతాయి. కచ్చురంలో పరిచిన గడ్డి, గిన్నెలు, బియ్యం మూట, దుప్పట్లు, ముసలమ్మ ఒళ్లో మనుమడు. మన నేల మోటార్‌హోమ్ అదే.

నాగోబా ముంగిట వంటల వరస చూస్తే క్షేమేంద్రుడు గుర్తొస్తాడు. ఎన్ని కుటుంబాలు వచ్చినా, వాళ్లు బస చేసి వండుకునే గోవాడ్‌లో పొయ్యిలు 22 మాత్రమే. ఎవరి వంతు కోసం వాళ్లు ఆగుతారు. ఔచిత్యమే కావ్యానికి ప్రాణమని ఆయన అన్న మాటకు ఇంతకన్నా మంచి వ్యాఖ్యానం నేను చూడలేదు. కొత్త కోడళ్లను దేవుడి ముందుకు తెచ్చి పరిచయం చేసే భేటింగ్ కూడా ఇక్కడే. ఆ దర్శనం అయ్యాకే కోడలు వంశంలో మనిషవుతుంది. అంటే ఇక్కడ పెళ్లి పందిట్లో పూర్తికాదు, ప్రయాణంలో పూర్తవుతుంది. కొత్త జంటా ముసలి జంటా ఒకే బండిలో దిగడం చూశాక, దాంపత్యానికి దారి అలంకారం కాదనీ, దారే దాని వస్తువనీ నాకు రుజువైంది.

కాబట్టి పింఛను తీసుకుంటున్న మిత్రులకు ఒక మాట. నిర్మల్ మీదుగా 44వ నంబరు హైవే ఎక్కకండి. అది వేగంగా తీసుకుపోతుంది, ఏమీ చూపించదు. జన్నారం దారి పట్టండి. పొద్దున్నే బయల్దేరండి. టిఫిన్ డబ్బా, రెండు మడత కుర్చీలు చాలు. స్టీరింగ్ మీ చేతిలో ఉన్నా, ఎక్కడ ఆపాలో మీ పక్కన కూర్చున్న మనిషిని చెప్పనివ్వండి. ఎప్పుడు పోవాలంటారా, నాగోబా జాతర పుష్య అమావాస్య రాత్రి మహాపూజతో మొదలవుతుంది.