సేనల ఉపసంహరణ: లైబీరియా అనుభవం – విమర్శనాత్మక పరిశీలన

అంతర్యుద్ధం ముగిసిన దేశం నుంచి అంతర్జాతీయ సేనలు ఎప్పుడు వైదొలగాలి? 'ఎన్నికలు జరిగిన వెంటనే' అని మీకు తోచవచ్చు. ఈ సమాధానం చాలదని పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా చరిత్ర నిరూపిస్తుంది.

అక్కడ 1990లో ప్రాంతీయ కూటమి సేన ప్రవేశించింది. 1997 ఎన్నికల్లో తిరుగుబాటు నాయకుడు చార్లెస్ టేలర్ గెలిచాడు. జాతీయ సైన్యాన్ని ఆ సేన పునర్వ్యవస్థీకరించడానికి ఆయన ఒప్పుకోలేదు. 1998–99లో సేన వైదొలగింది. 1999లోనే యుద్ధం తిరిగి మొదలైంది. ఓటు వచ్చింది, అందరూ నమ్మే సైన్యం రాలేదు.

2003లో వచ్చిన ఐక్యరాజ్యసమితి సేన 2005 ఎన్నికలతో వెళ్ళిపోలేదు. బలగాలను అంచెలంచెలుగా తగ్గించి, 2016లో భద్రతా బాధ్యతను ప్రభుత్వానికి అప్పగించి, 2018 మార్చిలో నిష్క్రమించింది. భారత మహిళా పోలీసు దళం కూడా 2007 నుంచి 2016 వరకు అక్కడ పనిచేసింది.

అయినా దీనిని సంపూర్ణ విజయంగా భావించకండి. యుద్ధ నేరాల విచారణకు 2009లో సత్య, సయోధ్య సంఘం సూచించిన న్యాయస్థానం సేన వెళ్ళేనాటికి ఏర్పడలేదు. బాధితులకు శాంతి దక్కింది, న్యాయం దక్కలేదు.

2024 జనవరిలో మాత్రం, విదేశీ సేన లేకుండానే, ఓడిన అధ్యక్షుడు శాంతియుతంగా అధికారం అప్పగించాడు. కాబట్టి ఉపసంహరణకు తేదీ ఒక్కటే కొలమానం కాదు. ఓడినవాడు కూడా ఆ దేశపు పోలీసును, న్యాయస్థానాన్ని నమ్మగలడా? ఏ దేశాన్ని అధ్యయనం చేసినా మీరు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఇదే.