పిట్యూటరీ రాజగ్రంథియేనా?

వినాళగ్రంథుల పాఠము చెప్పునపుడు పిట్యూటరీని "రాజగ్రంథి" అనుట మనకు పరిపాటి. థైరాయిడు, అడ్రినల్, బీజకోశములు ఈ శనగగింజంత గ్రంథి ఆజ్ఞకు లోబడి పనిచేయునని దాని భావము. మాట సులభముగా జ్ఞాపకముండును. కాని అందు సగము సత్యమే ఉన్నది. తక్కిన సగమును తెలిసికొనగోరు ఉపాధ్యాయులు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జాఫ్రీ హారిస్ 1955లో ప్రకటించిన "న్యూరల్ కంట్రోల్ ఆఫ్ ది పిట్యూటరీ గ్లాండ్" అను గ్రంథమును పరిశీలింపవలెను.

హారిస్ ఎదుర్కొన్న చిక్కు ఇది. ఆడ కుందేలులో సంయోగము జరిగిన తరువాతనే అండము విడుదలయగును. అనగా నాడులు తెచ్చిన వార్త పిట్యూటరీకి చేరుచున్నది. కాని పిట్యూటరీ ముందుభాగమునకు మెదడునుండి చెప్పుకోదగిన నాడీతంతువులు పోవు. తంతి లేని ఊరికి వార్త ఎట్లు చేరినది?

హారిస్ సమాధానము రక్తమార్గము. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌లోని నాడుల కొనలు ఏవో రసాయనద్రవ్యములను సూక్ష్మ రక్తనాళములలోనికి విడుచుననియు, పిట్యూటరీ కాడవెంట దిగు పోర్టల్ సిరలు వానిని గ్రంథికి చేర్చుననియు ఆయన వాదించెను.

ఈ వాదము సులభముగా నెగ్గలేదు. కాడను కోసినను కొన్ని జంతువులలో గ్రంథి మరల పనిచేసెను. సోలీ జుకర్మన్ వంటి ప్రముఖులు దీనినే ఎత్తిచూపిరి. తెగిన సిరలు మరల మొలచి అతుకుకొనుచున్నవని హారిస్ కనుగొనెను. కోసిన చోట అడ్డుపలక ఉంచినపుడు గ్రంథి కోలుకొనలేదు. 1952లో ఆయనయు, డోరా జాకబ్‌సన్‌యు పిట్యూటరీ తొలగించిన ఆడ ఎలుకలలో క్రొత్త పిట్యూటరీ కణజాలమును నాటిరి. హైపోథాలమస్ క్రింద నాటినచో ఋతుచక్రము తిరిగి వచ్చెను. మెదడులో మరియొక చోట నాటినచో రాలేదు. ఆటంకముగా తోచిన ఫలితమునే పరీక్షించి వాదమునకు బలము చేకూర్చుట ఈ పరిశోధనలోని గొప్పతనము.

లోపము లేకపోలేదు. వాదమునకు మూలమైన ఆ ద్రవ్యము అప్పటికి ఎవరి చేతికిని చిక్కలేదు. లక్షలకొలది గొర్రెల, పందుల మెదళ్ళను శోధించి గిల్లెమిన్, షాలీ బృందములు 1969లో మొదటిదాని నిర్మాణమును తేల్చినవి. థైరాయిడును ప్రేరేపించు హార్మోనును పిట్యూటరీ నుండి విడుదల చేయించు ఆ ద్రవ్యము మూడే అమైనో ఆమ్లముల అణువు. వారిరువురికి 1977లో నోబెల్ బహుమతి లభించెను. హారిస్ 1971లోనే మరణించెను. హైపోథాలమస్ ఆజ్ఞలన్నియు ప్రేరకములు కావనుటయు గమనింపదగినది: పాలను ఉత్పత్తి చేయించు ప్రొలాక్టిన్‌ను అది ముఖ్యముగా అణచియుంచును. ఇక ఈ గ్రంథము నిపుణులకై వ్రాయబడినది. విద్యార్థి చేతికి నేరుగా ఇయ్యదగినది కాదు.

అయినను మన పాఠమునకు దానితో పని యున్నది. "రాజగ్రంథి" అను మాటనే నమ్మిన విద్యార్థికి, రక్తములో థైరాయిడును ప్రేరేపించు హార్మోను హెచ్చినదని చెప్పినచో, థైరాయిడు అధికముగా పనిచేయుచున్నదని తలచును. సత్యము తరచుగా దీనికి విరుద్ధము. అయొడిను చాలక థైరాయిడు హార్మోను తగ్గినపుడు, ఆ కొరతను గుర్తించి పిట్యూటరీ తన ప్రేరణను హెచ్చించును; దానివలన గ్రంథి ఉబ్బి గొంతువాపు కలుగును. హార్మోను హెచ్చినచో హైపోథాలమస్, పిట్యూటరీ రెండును వెనుకకు తగ్గును. ప్రజల కొరతనుబట్టి ఆజ్ఞ మార్చుకొనువాడు, పైన మరియొకరి మాట వినువాడు స్వతంత్రుడైన రాజెట్లగును?

కావున నల్లబల్లపై పిట్యూటరీనుండి క్రిందికి ఒక బాణపుగుర్తు వేసి ఊరకుండరాదు. హైపోథాలమస్‌నుండి పిట్యూటరీకి ఒకటి, థైరాయిడునుండి ఆ రెంటికిని తిరిగి పైకి మరి రెండు గీయవలెను. అటుపిమ్మట గొంతువాపునకు కారణమును విద్యార్థులచేతనే చెప్పించవచ్చును.